ఏ స్టేషనయ్యా నువ్వు చెప్పింది!

(కాజీపేటల మా కింది పోర్షనోళ్ల లొల్లి ఇది. కాజీపేటకు రైలు కోచ్ ఫ్యాక్టరీ కావాలె అని తీసిన ర్యాలీకి తాత మనుమరాలిని ఎత్తుకోని పోయొచ్చిండు. నేను మెట్ల మీద ఎల్లిపాయలు ఒల్చుకుంట కూసున్న. వినకూడదనే అనుకున్న, కానీ ఆమె గొంతుకు మూడో అంతస్తు గూడ లేస్తది.)

అమ్మమ్మ: వచ్చిన్రా? పిల్లను ఇటియ్యి ముందుగాల. బిడ్డా, ఏమన్న కొట్టిన్రా నిన్ను?

తాత: ఎవలు కొడ్తరే దాన్ని! అదే కొట్టింది. నా భుజం మీద కూసోని జెండా కట్టెతోని ముంగట నడిచే యూనియన్ లీడర్ చెవుల తిప్పింది. ఐస్‌క్రీమ్ తిన్నది, నా అంగి మీద కార్చింది.

అమ్మమ్మ: లాకప్‌ల ఐస్‌క్రీమ్ గూడ పెడ్తున్నరా?

తాత: లాకప్ ఏందే?

అమ్మమ్మ: నువ్వే కదా ఫోన్ జేసి స్టేషన్ల కూసున్నం, పోలీసాయన పిల్లకు బిస్కెట్లిచ్చిండు, లేటయితది, నువ్వు తినేసెయ్ అంటివి!

తాత: రైల్వే స్టేషన్ల కూసున్నం! ర్యాలీ ఆడికే కదా పోయింది. ముప్పై ఏండ్లు లోకో షెడ్‌ల చేసినోని పెండ్లానివి, స్టేషన్ అంటే ఏదో తెల్వదానే?

అమ్మమ్మ: డ్యూటీకి పోయినోడు స్టేషన్ల ఉన్న అంటే రైలు స్టేషన్. జెండా పట్టుకోని ఒర్రుకుంట పోయినోడు స్టేషన్ల ఉన్న అంటే ఏ స్టేషనయ్యా?

తాత: ...ఏం జేసినవ్?

అమ్మమ్మ: ఏం జేస్త, ఇద్దరి ఆధార్ కార్డులు తీస్కోని ఆటోల పోలీస్ స్టేషన్‌కు పోయిన. మా ఆయన్ని ఉంచుకోండ్రి, పిల్లను ఇడువుండ్రి అన్న.

తాత: నన్ను ఉంచుకోమన్నవా!

అమ్మమ్మ: నీకు పింఛనొస్తది, దానికి రేపు బడున్నది. ఆడ పోలీసు పొల్ల పెన్ను తీసి వయసెంతమ్మా అన్నది. నాలుగు నిండి ఐదుల పడ్డది అన్న. ఏం కేసు అన్నది. కోచ్ ఫ్యాక్టరీ కేసు అన్న. పెన్ను కింద పెట్టి నాకు మంచినీళ్లిచ్చింది పాపం.

తాత: ఇజ్జత్ తీసినవ్. అది కేసు కాదే, మన హక్కు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌ల రాసున్నది, పరిశీలించాలె అని.

అమ్మమ్మ: బాత్రూం నల్లా గూడ పరిశీలిస్త అంటివి. కారుతనే ఉన్నది.

తాత: 1985ల మన ఫ్యాక్టరీని కపుర్తలకు ఎత్తుకపోయిన్రు, నీకేమో నవ్వులాట!

అమ్మమ్మ: అదే ఏడు నన్ను నీకిచ్చిన్రు. పంజాబోళ్లకు ఫ్యాక్టరీ, నాకు నువ్వు. నేనెన్నడన్న ర్యాలీ తీసిన్నా? మరి 2023ల ప్రధానమంత్రి వచ్చి వ్యాగన్ల కంపెనీకి పునాదిరాయి ఏసిపాయె కదా?

తాత: సరుకులు మోసే వ్యాగన్ వేరు, మనుషులెక్కే కోచ్ వేరు. నీకు చెప్పినా ఒకటే... ఆకలైతాంది, కోడికూర ఏది?

అమ్మమ్మ: స్టేషన్ల ఉన్నది.

తాత: ఏ స్టేషన్ల?

అమ్మమ్మ: ఇప్పుడు తెల్వదా ఏ స్టేషనో!

తాత: మొత్తమా?! నాటుకోడి కదనే!

అమ్మమ్మ: మీరు ఆడ లేరని వాళ్లు ఒట్టు పెట్టిన్రు, నేను నమ్మలే. ఏడనో దాచిపెట్టిన్రనుకోని డబ్బ ఆడ పెట్టి, మా ఆయన బొక్కలు తినడు, మెత్త ముక్కలు ఏరి పెట్టుండ్రి, బీపీ గోలీ పైగిన్నెల ఉన్నది, తిన్నంకనే ఇయ్యుండ్రి అని చెప్పొచ్చిన.

తాత: ...అంత పరేషానైనవా?

అమ్మమ్మ: పిల్ల కోసం.

తాత: బీపీ గోలీ పిల్లదా?

అమ్మమ్మ: నోరు మూసుకోని పోయి డబ్బ పట్టుకరాపో. నాలుగు గిన్నెల స్టీలు డబ్బ, మా అన్న పెట్టింది.

తాత: ఇప్పుడు పోతే నిజంగనే కూసోపెడ్తరు.

పిల్ల: కావాలె! కావాలె!

అమ్మమ్మ: ఏం కావాల్నే?

పిల్ల: కోడికూర కావాలె!

తాత: సాధిస్తం! సాధిస్తం!

అమ్మమ్మ: సాధిద్దురు తియ్యి, ఆటోకు చిల్లర తీస్కపో. పిల్లను నా దగ్గర ఇడ్సిపో!