అక్క ముక్కర సంగతేమిటి?

జూలైలో మూడు వారాలు హైదరాబాదులో ఉన్నాం. విద్యానగర్‌లో మా అమ్మవాళ్ల ఫ్లాట్. బయట ముసురు, లోపల నలుగురు పిల్లలు, ఒకటే టీవీ. మావాడికి 14 ఏళ్లు, అమెరికాలో పుట్టి పెరిగాడు. మా చెల్లెలి కూతురు వాడికంటే రెండేళ్లు చిన్నది, ఇక్కడే చదువుతోంది. చార్మినార్‌కి వెళ్దామంటే ఇద్దరికీ ఏదో ఒక వంక. జపాన్ యానిమేషన్ పెడితే మాత్రం అన్నం కూడా టీవీ ముందే. నేను వద్దనలేదు. సెలవుల్లో వద్దంటే వినేదెవరు?

ఆ మధ్యాహ్నం వాళ్లు చూస్తున్నది ‘మై హీరో అకాడమియా’. అందులో ఎండెవర్ అని ఒకాయన ఉంటాడు. ఒంటినిండా మంటలు, ఊరందరికీ రక్షకుడు. ఇంట్లో మాత్రం యముడు. భోజనాల సీను నడుస్తోంది. కూతురు రకరకాలు వండి బల్లనిండా పెట్టింది. చిన్నకొడుకు స్నేహితులు కూడా వచ్చారు. నత్సువో అని రెండో కొడుకు రెండు ముద్దలు తిన్నాడో లేదో, ఇక నావల్ల కాదన్నట్టు లేచి వెళ్లిపోయాడు.

మా అత్తయ్య చాప మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. అప్పటిదాకా టీవీ వైపు చూడనేలేదు. కాడ చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఎవరే ఆ పిల్లాడు? అన్నం ముందు నుంచి లేచాడేమిటి?"

"ఆయన కొడుకు, అమ్మమ్మా. వాళ్ల నాన్న చిన్నప్పుడు బాగా హింస పెట్టాడు. ఇప్పుడు మారిపోయాడు. రిడెంప్షన్ ఆర్క్ అంటారు."

"మారితే?"

మా చెల్లెలి కూతురికి ఏం చెప్పాలో తెలియలేదు. అత్తయ్య మళ్లీ గోంగూరలో పడింది. "వాణ్ణి బయటే తిననివ్వండి, ఎక్కడో ఒకచోట తింటాడు" అంది, టీవీలో వాళ్లకి చెప్తున్నట్టు.

బాల్కనీ పక్క కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని మా మామయ్య కూర్చుని ఉన్నాడు. పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినబడలేదు.

మామయ్య సంగతి కొంచెం చెప్పాలి. పన్నెండేళ్లుగా ఆయన చుక్క ముట్టలేదు. పొద్దున్నే గుడి, సాయంత్రం మనవల్ని పార్కుకి తిప్పడం. ఎవరింట్లో ఏ అవసరం వచ్చినా ముందుండేది ఆయనే. కొత్తగా చూసినవాళ్లు "ఎంత మంచి మనిషండీ" అంటారు. నిజమే, ఇప్పుడు మంచి మనిషే. అంతకుముందు పదిహేనేళ్లు మాత్రం బెల్టు చప్పుడు పక్క వాటాలోకి వినిపించేది. పక్క వాటాలో ఉన్నది మేమే. మా నాన్న రేడియో సౌండ్ పెంచేవారు. ఆ సంగతి కూడా రాయకపోతే ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

వాళ్లబ్బాయి, మా బావ, పదిహేడేళ్లకే హాస్టల్‌కి వెళ్లిపోయాడు. ఇప్పుడు మెల్బోర్న్‌లో ఉన్నాడు. ఏడాదికోసారి అమ్మకి టికెట్ పంపుతాడు. ఒక్క టికెట్.

ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా ఈ ప్రస్తావన లేస్తుంది. "ఎంతైనా తండ్రి", "పెద్దవాడైపోయాడు", "మారాడు కదా, ఇంకా ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతారు?" ఈ మాటలన్నీ బావకే చెప్తారు. మామయ్యకి ఎవరూ ఏమీ చెప్పరు, ఎందుకంటే ఆయన మారిపోయాడు! మారడంతో ఆయన పని అయిపోయింది, ఇక బాకీ అంతా కొడుకుదే అన్నట్టు.

మనకిది పాత అలవాటే. చెడ్డవాడు బాగుపడే కథలు మన దగ్గర బోలెడున్నాయి. శ్రీనాథుడి గుణనిధి జూదరి, దొంగ. శివరాత్రినాడు గుళ్లో ప్రసాదం ఎత్తుకుపోదామని చొరబడి, దీపం కొడిగడితే పైబట్ట చించి వత్తి వేశాడు. వెలుగు దేవుడికోసం కాదు, దొంగతనానికి. అయినా కైలాసం దక్కింది. కొడుకుని నారాయణా అని కేకేసిన అజామిళుడి కథా అంతే. భక్తి మహిమ చెప్పడానికి అవి గొప్ప కథలు, కాదనను. అందులో దెబ్బతిన్నవాళ్లకి చోటు తక్కువ.

ఒక్క తెనాలి రామకృష్ణుడే ఎందుకో అక్కడ కాసేపు ఆగాడు. పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ చెడు తిరుగుళ్లు తిరుగుతుంటే పుట్టింటికి అక్క వస్తుంది. తమ్ముడికి తలంటి, అన్నం పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని బుద్ధి చెబుతుంది. వాడు విన్నట్టే విని, నాలుగు రోజులు బుద్ధిగా ఉండి, ఒక రాత్రి ఇంట్లో నగలన్నీ మూట కట్టుకుని పారిపోతాడు. అక్క కొత్తగా చేయించుకున్న ముక్కర కూడా పోయింది. ఆమె ఆ ముక్కర కోసం ఏడుస్తుంది. చివరికి వాడు నరసింహ క్షేత్రంలో చచ్చిపోతే విష్ణుదూతలొచ్చి యమదూతలతో వాదించి మరీ తీసుకుపోతారు. ఆ వాదంలో అక్కని సాక్ష్యానికి పిలిచినవాళ్లు లేరు. ఆమెకి పేరు కూడా లేదు, నిగమశర్మ అక్క అంతే. అయినా మన సాహిత్యంలో నిగమశర్మకంటే ఆవిడే ఎక్కువ గుర్తుండిపోయింది. వాడికి మోక్షం వచ్చిందంటే నాకేం అభ్యంతరం లేదు. ముక్కర సంగతేమిటని అడుగుతున్నానంతే.

ఎండెవర్ కథలో నాకు నచ్చింది ఈ ముక్కర సంగతే. పాఠకుల్లో పెద్దవాళ్లకి ఆయన ఎవరో తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా. ఆయన చాలా ఏళ్లు నంబర్ టూ హీరో. నంబర్ వన్‌ని తాను దాటలేనని తేలిపోయాక, తనకి నిప్పు శక్తి ఉంది కాబట్టి మంచు శక్తి ఉన్న అమ్మాయిని చూసి చేసుకున్నాడు. రెండు శక్తులూ ఉన్న పిల్లాడు పుడితే వాడు దాటేస్తాడని లెక్క. సరిగ్గా మన దగ్గర ర్యాంకు కోసం పిల్లల్ని కనే లెక్క! పెద్దకొడుకు ఒళ్లు సొంత మంటలకే తట్టుకోలేదు, వాణ్ణి పక్కన పెట్టాడు. నాలుగోవాడు షోటోలో రెండు శక్తులూ కుదిరాయి, వాణ్ణి చిన్నప్పటి నుంచే చావగొట్టి తయారు చేశాడు. తల్లి మతి చెదిరి, కొడుకు ముఖంలో మొగుడి పోలిక చూసి మరిగే నీళ్లు పోసింది. ఆమెని ఆస్పత్రిలో చేర్పించాడు. చనిపోయాడనుకున్న పెద్దకొడుకు విలన్‌గా తిరిగొచ్చి లోకమంతటి ముందూ తండ్రి బండారం బయటపెడతాడు.

ఇలాంటివాణ్ణి రచయిత బాగుచేయబూనాడు. చాలామంది పిల్లలకి ఇది నచ్చలేదని మావాడు చెప్పాడు. ఇంట్లో పెళ్లాం పిల్లల్ని అలా చేసినవాణ్ణి మళ్లీ హీరోని ఎలా చేస్తారని వాళ్ల కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. నాకూ ఒక పేచీ ఉంది. ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడకముందే ఆయనకి ఒక పెద్ద యుద్ధం ఇచ్చారు. కన్ను పోయేంత దెబ్బ తిని, నెత్తురోడుతూ పిడికిలి పైకెత్తి నిలబడతాడు. వెనక సంగీతం హోరు. ఆ పిడికిలి చూశాక సగం మంది ప్రేక్షకులు మనసులో ఆయన్ని క్షమించేసి ఉంటారు. అది తొండాట. ఊరి కోసం రక్తం కార్చినంత మాత్రాన ఇంట్లో బాకీ తీరదు. మన సినిమాల్లో ఆఖరి రీల్లో బుల్లెట్‌కి అడ్డం పడి పవిత్రులైపోయే అన్నయ్యల్ని ఎంతమందిని చూశాం!

కానీ ఆ తర్వాత కథ దారి మార్చుకుంటుంది. నత్సువోని ఒక దుర్మార్గుడు ఎత్తుకుపోతే తండ్రే వెంటపడతాడు. కొడుకుని కావలించుకుని మరీ చెప్తాడు: నన్ను క్షమించక్కర్లేదు. కొడుకు కూడా, నువ్వన్నట్టే క్షమించను అనే అర్థం వచ్చేలా జవాబిస్తాడు. 2021లో వచ్చిన అయిదో సీజన్‌లో ఉంది ఇది. ఆ తర్వాత ఆయన ఒక కొత్త ఇల్లు కట్టిస్తానంటాడు. ఆస్పత్రి నుంచి అమ్మ రాగానే మీరంతా అందులో ఉండండి, నేను పాత ఇంట్లోనే ఉంటాను అంటాడు.

ఇక్కడ నేను టీవీ ఆపించి వెనక్కి తిప్పించాను. పిల్లలు విసుక్కున్నారు. మన ఇళ్లలో మగవాడు ఇల్లు కట్టించాక గృహప్రవేశానికి పీటల మీద కూర్చోకుండా ఉండటం ఎప్పుడైనా చూశామా? తప్పు చేసినవాడు ఏదైనా ఇచ్చినప్పుడు, ఆ ఇచ్చినదానిలో తనకో గది అట్టిపెట్టుకుంటాడు. దండం పెడతాడు, కన్నీళ్లు పెట్టుకుంటాడు, కాళ్లు పట్టుకుంటాడు, ఇన్ని చేశాక ఎదుటివాళ్లు ‘పర్లేదు’ అనకపోతే వాళ్లే రాతిగుండె వాళ్లవుతారు. ఈయన ఆ గది అడగలేదు. నా లెక్కలో ఒక మనిషి మారాడా లేదా అనేది తేలేది ఇక్కడే. ‘నిన్ను క్షమించను’ అన్న మాట విన్న మర్నాడు వాడేం చేస్తున్నాడు?

ఫుయుమి, అంటే వంట చేసిన కూతురు, కుటుంబం మళ్లీ కలవాలని తపిస్తుంది. నత్సువో వద్దంటాడు. షోటో, చూద్దాం, ఎలాంటి తండ్రివవుతావో చూస్తాను అన్నట్టు మధ్యలో ఉంటాడు. ఒకే ఇంట్లో మూడు జవాబులు. కథ వాళ్లలో ఎవర్నీ తప్పుపట్టలేదు. మన బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇంత ఓపిక ఎక్కడుంది?

అన్ని కథలూ ఇలా లేవు. 2025 సెప్టెంబర్‌లో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో కూడా వచ్చింది. మా చెల్లెలి కూతురు హాల్లో చూసి వెక్కి వెక్కి ఏడ్చిందట. అకాజా అనే రాక్షసుడి గతం చూసి. జబ్బు తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన కుర్రాడు, చేరదీసిన గురువునీ పెళ్లాడబోయే పిల్లనీ ఎవరో బావిలో విషం కలిపి చంపితే, ఒట్టి చేతులతో 67 మందిని చంపి రాక్షసుడైపోయాడు. నాకూ కళ్లు చెమర్చాయి, ఒప్పుకుంటాను. అయితే మనకి ఏడుపొచ్చింది కాబట్టి వాడికి శిక్ష తీరిందని కాదు. అకాజా చేతిలో చచ్చిపోయిన రెంగోకుకి సెంజురో అని ఒక తమ్ముడున్నాడు. ఆ ఏడుపు ఖాతాలో వాడి సంతకం లేదు. తాను చంపినవాళ్లని అకాజా క్షమించమని అడగలేదు, అది కొంత నయం.

హైదరాబాదులోనే తయారైన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి వస్తోంది, మన పిల్లలు చాలామంది లడ్డూలు నేర్చుకున్నది అక్కడే. అందులో కాలియా ప్రతి ఎపిసోడ్‌లోనూ ఏదో ఒక తుంటరి పని చేసి, చివర్లో అందరితో కలిసి నవ్వేస్తాడు. మర్నాటికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. అయిదేళ్ల పిల్లలకి అది చాలు. పెద్దయ్యాక కూడా మనం అదే అడుగుతాం. మర్నాటికి అందరూ మర్చిపోవాలి!

ఇంకో మాట. పిల్లలు రిడెంప్షన్ అంటే ముందు చెప్పే పేరు ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’లో జూకో. బాగా రాశారు. కానీ అతను పదహారేళ్ల పిల్లాడు, తండ్రి చేతిలో కాలినవాడు. అలాంటివాణ్ణి క్షమించడం పెద్ద పరీక్ష కాదు. అసలు పరీక్ష అదే కథలోని కటారా అనే అమ్మాయిది. తల్లిని చంపినవాణ్ణి వెతికి పట్టుకుంటుంది, చంపకుండా వదిలేస్తుంది. క్షమించావా అంటే, లేదు, ఎప్పటికీ క్షమించను అంటుంది. ఆ వెంటనే జూకోని మాత్రం క్షమిస్తున్నానంటుంది. 2008లో పిల్లల చానల్లో వచ్చిన బొమ్మల కథలో ఈ తేడా అంత తేలిగ్గా చెప్పేశారు. చంపకపోవడం వేరు, క్షమించడం వేరు. ఒకర్ని క్షమించినంత మాత్రాన ఇంకొకర్ని కూడా క్షమించాలని లేదు.

మా అమ్మకి ఇదంతా చెప్తే కొట్టిపారేసింది. "నీకు పిల్లలు దూరమైనవాళ్ల బాధ తెలీదు. వాడు చచ్చేలోగా కొడుకు ముఖం చూడాలని ఉంటుంది కదే" అంది. వాడు అంటే తన తమ్ముడు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. చూడాలని ఉంటుంది. ఉండటం ఆయన హక్కే. రావడం రాకపోవడం మాత్రం బావ ఇష్టం. ఆ మాటంటే అమ్మ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

తిరుగు ప్రయాణం రోజు సూట్‌కేసులు తూచడానికి మామయ్యే వచ్చాడు. ఆ స్ప్రింగు త్రాసు ఆయన దగ్గరే ఉంటుంది. అత్తయ్య ఇచ్చిన గోంగూర పచ్చడి సీసాని మూడు కవర్లలో చుట్టి, పైన టేపు వేశాడు. పెద్ద పెట్టె ఇరవై మూడు కిలోలకి అర కిలో ఎక్కువుంది. ఏం తీయాలా అని నేను వెతుకుతుంటే మెల్లగా అడిగాడు.

"మీవాడు చూసే ఆ మంటలాయన కథ... ఆ రెండోవాడు మళ్లీ భోజనానికి వచ్చాడా?"

ఆ కథకి మూలమైన బొమ్మల పుస్తకం 2024లోనే అయిపోయిందని, చివర ఏమైందో మావాడు నాకు ముందే చెప్పేశాడు.

"లేదు మామయ్యా. పెళ్లి చేసుకుంటున్నాడట. ఇక తండ్రిని కలవనన్నాడు."

ఆయన త్రాసు కొక్కేన్ని పెట్టె పిడికి మళ్లీ తగిలించాడు.

"పోన్లే" అన్నాడు. కాసేపాగి, "పిల్ల మంచిదేనా?" అన్నాడు.