ఐఎన్ఎలో చేరని తాతల జాడ ఎక్కడ?

‘మా తాత నేతాజీ సైన్యంలో పనిచేశాడు’ అని గర్వంగా చెప్పే కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. ‘మా తాత అందులో చేరనన్నాడు, అందుకే జపాన్ వాళ్లు న్యూగినీ పంపేశారు’ అనే మాట మాత్రం ఎక్కడా వినపడదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సేన లొంగిపోయినప్పుడు వేల సంఖ్యలో భారతీయ సైనికులు జపాన్‌కు చిక్కారు. రెండు రోజులకే ఫారర్ పార్క్ మైదానంలో వాళ్లను కూర్చోబెట్టి కొత్త సైన్యంలో చేరమన్నారు. తర్వాత నేతాజీ నడిపిన ఐఎన్ఎ (ఆజాద్ హింద్ ఫౌజ్) అదే. చాలామంది చేరారు. చేరనివాళ్లూ తక్కువేం కాదు.

చేరనివాళ్లలో కొన్ని వేలమందిని 1943లో ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినీ, న్యూ బ్రిటన్ దీవులకు తరలించారు. అక్కడ మూటలు మోయించారు, రోడ్లు వేయించారు. ఆకలికి, మలేరియాకు, దెబ్బలకు ఎంతోమంది పోయారు. యుద్ధం ముగిశాక విచారణల్లో జపాన్ అధికారుల వాదన ఏమిటంటే, వీళ్లు అసలు యుద్ధ ఖైదీలే కాదు, తమ సైన్యానికి పనిచేసినవాళ్లు. జాడ వెతికే మనవళ్లకు ఈ వాదన దెబ్బ ఇప్పటికీ తగులుతోంది. లండన్‌ క్యూ ప్రాంతంలోని బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్న జపాన్ ఖైదీల కార్డులు ఎక్కువగా బ్రిటిష్ సైనికులవే. వాటిలో పేరు లేదంటే మనిషి అక్కడ లేడని కాదు, ఖైదీగా లెక్కపెట్టకపోయి ఉండొచ్చు.

అందుకే ఖైదీల జాబితా కంటే ముందు మృతుల జాబితా చూడాలి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ ఉచితం. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద సమాధి లేని 24 వేలకు పైగా పేర్లున్నాయి. న్యూగినీలోని లే, న్యూ బ్రిటన్‌లోని రబౌల్ దగ్గరి బీటపాక శ్మశానాల్లో భారతీయుల సమాధులున్నాయి.

పేరుతో వెతికితే మనవాళ్లకు పెద్ద తలనొప్పి. ఇంటిపేరు ఉండొచ్చు, ఎగిరిపోవచ్చు. అప్పన్న, రాములు లాంటి పేర్లను గుమాస్తా తనకు వినపడ్డట్టు రాసుకుంటాడు. సర్వీస్ నంబర్ ఉంటే సగం పని అయినట్టే. బీరువాలో పాత మెడల్ ఉంటే దాని అంచు చూడండి. భారత సైనికులకిచ్చిన కొన్ని రెండో ప్రపంచ యుద్ధ మెడల్స్‌పై నంబర్, పేరు, యూనిట్ చెక్కేవారు.

యూనిట్ పేరు దగ్గరా ఒక చిక్కుంది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ పేరు చూసి మనవాళ్లే అనుకుంటాం. అందులో ఉన్నది ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది. నిజాం సొంత సైన్యమైన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ వేరు. 1941 డిసెంబర్‌లో మలయాలోని కోటా భారు విమానాశ్రయం దగ్గర ఉన్నది అదే.

ఐఎన్ఎ వాళ్లను తిరిగొచ్చాక బ్రిటిష్ వాళ్లు విధేయతను బట్టి వైట్, గ్రే, బ్లాక్ అని విడగొట్టారు. ఆ అవమానానికి స్వతంత్ర భారతం పరిహారం చేసింది, సమరయోధుల పెన్షన్ ఇచ్చింది. అది న్యాయమే. రక్షణ శాఖ ఐఎన్ఎ ఫైళ్లను 1997లో జాతీయ ఆర్కైవ్స్‌కు అప్పగించింది కూడా. చేరనివాళ్లను మాత్రం తెల్లదొర పట్ల విధేయులుగా చూసి వదిలేశాం. పెన్షన్, గౌరవం ఒకవైపే ఉన్నప్పుడు కుటుంబాల జ్ఞాపకం కూడా అటే ఒరుగుతుంది. ‘సింగపూర్‌లో పట్టుబడ్డాడు’ అన్న మాట రెండు తరాల్లో ‘నేతాజీతో ఉన్నాడు’గా మారడంలో వింతేం లేదు.

రెజిమెంట్ల రికార్డ్ ఆఫీసుల్లో మిగిలిన ఆనాటి సర్వీస్ పుస్తకాలను స్కాన్ చేసి, ఊరి పేరుతో వెతికే వీలు కల్పించాలి. నంబర్ తెలియని కుటుంబాలకు ఊరి పేరు తప్ప వేరే ఆధారం లేదు.