అందరూ 'గైస్' ఎట్లా అవుతారు?

మాదాపూర్‌లో ఏ మీటింగ్‌కు పోయినా 'హాయ్ గైస్'! ఎదురుగా యాభై దాటిన మేడమ్ ఉన్నా అదే పిలుపు.

ఆ మాట గై ఫాక్స్ పేరులోంచి పుట్టింది. ఇంగ్లండ్ రాజును పార్లమెంటుతో సహా పేల్చేయాలని చూసిన కుట్రదారుల్లో ఒకడు. 1605 నవంబర్ 4 అర్ధరాత్రి ప్రాంతంలో, లండన్‌లో పార్లమెంటు లార్డ్స్ సభ కింది గదిలో 36 పీపాల తుపాకిమందుతో దొరికిపోయాడు. ఆ కుట్ర చెడినందుకు గుర్తుగా ఏటా నవంబర్ 5న పాతబట్టలతో అతని బొమ్మ చేసి తగలబెట్టేవాళ్లు. ఆ బొమ్మే 'గై'. తర్వాత వికారంగా బట్టలేసుకున్నవాణ్ణి అట్లా వెక్కిరించారు. అమెరికాలో ఎగతాళి పోయి 'గై' అంటే మామూలు మగవాడయ్యాడు. బహువచనంలో ఆడవాళ్లు కలిసింది 20వ శతాబ్దంలోనే. ఏకవచనంలో ఇప్పటికీ మగవాడే, అసలు చిక్కు అక్కడే!

మన 'అందరూ'లో ఆడామగా తేడా లేదు, 'అండీ'లో మర్యాద ఉంది. 'అందరికీ నమస్కారం' అనడానికి రెండు మాటలే కదా, అవీ బరువైపోయాయా?