రెండువైపులా వాదించడం నేర్పిన పంతులుగారికి

మహారాజశ్రీ ప్రోగిమ్నాస్మాటా గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం సంగతి మాత్రం కాస్త అనుమానమే. మాట్లాడడం, రాయడం నేర్పే పద్నాలుగు మెట్ల పాతకాలపు పాఠక్రమం కదా మీరు. వెయ్యేళ్ళకు పైగా గ్రీకు కుర్రాళ్ళనూ, రోమన్ కుర్రాళ్ళనూ, ఆ తర్వాత ఇంగ్లండు కుర్రాళ్ళనూ వాయించి వదిలిన మిమ్మల్ని ఈ రోజుల్లో పలకరించేది కొందరు ప్రొఫెసర్లు, అమెరికాలో పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే కొందరు తల్లిదండ్రులు. అందుకే ఈ ఉత్తరం. పలకరించానని మెచ్చుకుంటాననుకునేరు. మీ పద్నాలుగు కసరత్తుల్లో తొమ్మిదోది నింద. ఒక మనిషినో, ఊరినో, చివరికి ద్రాక్షతీగనో పట్టుకుని పద్ధతిగా దుమ్మెత్తిపోయడం. దానికి వరస కూడా మీరే పెట్టారు: ముందు పుట్టుక, తర్వాత పెంపకం, తర్వాత చేసిన ఘనకార్యాలు, ఆపైన ఇంకొకరితో పోలిక. నేనూ వీలైనంతవరకు ఆ వరసలోనే వస్తాను.

పుట్టుకతో మొదలుపెడదాం. మీ పేరు క్రీ.పూ. 4వ శతాబ్దపు వక్తృత్వ గ్రంథం ఒకదానిలో కనిపిస్తుంది. ఆ కాలపు ఏథెన్స్‌లో మాటకి పని ఉండేది. సభలో ఒకడు లేచి బాగా మాట్లాడితే ఓడలు యుద్ధానికి బయల్దేరేవి. కోర్టులో ఎవరి కేసు వాళ్ళే నిలబడి వాదించుకోవాలి, డబ్బున్నవాడు ఉపన్యాసం రాయించుకుని బట్టీ పట్టేవాడు. సరే, అక్కడ మాట నేర్పే పంతులు కావాలి. కానీ మాకు దొరికిన మీ పాఠ్యపుస్తకాలు ఆ రోజులవి కావే! అలెగ్జాండ్రియా థియోన్ పుస్తకాన్ని సాధారణంగా క్రీ.శ. 1వ శతాబ్దంలో పెడతారు. మీ పద్నాలుగు మెట్లనూ ఒక్కో నమూనా వ్యాసంతో అచ్చంగా గైడులా తయారుచేసిన అంటియోక్ అఫ్తోనియస్ 4వ శతాబ్దం చివరివాడు. అప్పటికి సభలు పోయాయి, యుద్ధాలూ పన్నులూ చక్రవర్తి గదిలో తేలుతున్నాయి. ఓటు లేని ఊళ్ళో ఎన్నికల ప్రచారానికి కోచింగ్ సెంటర్ పెట్టినట్టు, సరిగ్గా అప్పుడే మీరు ఊరూరా వెలిశారు.

మీ వంశంలో ఇంకో పెద్దాయన టార్సస్ హెర్మోజెనెస్. ఆయన పేరు మీద కూడా మీ పుస్తకం ఒకటి చెలామణీ అవుతోంది. పదిహేనేళ్ళకే ఎంత పేరంటే మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి అంతటివాడు వచ్చి కూర్చుని విన్నాడట. పెద్దయ్యాక ఆ వాక్పటిమ ఏమైందో, ఉన్నట్టుండి పోయింది. తోటి వక్త ఒకడు ‘పిల్లల్లో ముసలాడు, ముసలాళ్ళలో పిల్లాడు’ అని ఎగతాళి చేశాడు. పదో తరగతి ర్యాంకర్లను ఫ్లెక్సీలకెక్కించే ఊళ్ళవాళ్ళం కాబట్టి ఈ కథ మాకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక పెంపకం. నీతికథ, చిన్న కథ అయ్యాక మీరు మూడో మెట్టు మీద ‘ఖ్రేయా’ పెట్టారు. అంటే ఎవరో పెద్దాయన అన్నదో చేసిందో ఒక్క వాక్యంలో. ‘చదువు వేరు చేదు, పండు తీపి’ అని ఏథెన్స్ వక్తృత్వ గురువు ఐసోక్రటీస్ అన్నాడు, అంతే. ఆ ఒక్క ముక్కను కుర్రాడు ఎనిమిది భాగాలుగా సాగదీయాలి: అన్నవాణ్ణి పొగడాలి, అదే మాట ఇంకోలా చెప్పాలి, ఎందుకు నిజమో చెప్పాలి, కాకపోతే ఏమవుతుందో చెప్పాలి, ఒక పోలిక, ఒక ఉదాహరణ, ఒక పాతకాలపు సాక్షి, చిన్న ముగింపు. వాట్సాప్ సూక్తుల కింద ‘నిజమే కదా’ అని రాసి ఊరుకునే మా తరం మీ దగ్గర మొదటి రోజే ఫెయిలయ్యేది. ఆ చేదు వేరును వివరించే చోట అఫ్తోనియస్ పంతుళ్ళ దెబ్బల గురించీ, వాళ్ళకన్నా కఠినంగా ఉండే తండ్రుల గురించీ రాసిన తీరు చూస్తే ఆయన ఒంటి మీద ఇంకా వాతలు ఆరలేదేమో అనిపిస్తుంది.

అంతకన్నా ఘోరం, ఆ వాక్యాన్ని విభక్తులన్నిట్లోనూ, వచనాలన్నిట్లోనూ తిప్పమనడం. ‘రామః రామౌ రామాః’ వల్లించినవాళ్ళం, ద్వివచనమంటే మాకు బెదురు లేదు. కానీ ఈజిప్టులో దొరికిన ఒక చెక్కపలక ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని మీద ఎవరో కుర్రాడు రాసిన పాఠం ఇది: తత్త్వవేత్త పైథాగరస్ మాంసం ముట్టవద్దని శిష్యులకు సలహా ఇచ్చాడు. బాగానే ఉంది. తర్వాత ఇద్దరు పైథాగరసులు సలహా ఇచ్చారు. ఆ తర్వాత బోలెడంతమంది పైథాగరసులు వచ్చి ఇచ్చారు. లోకంలో ఒక్కడే ఉన్న మనిషిని మీరు ద్వివచనంలో నిలబెట్టారు, వ్యాకరణం కోసం! ఆ కుర్రాడు మధ్యలో ఒక్కసారైనా నవ్వి ఉంటాడని నా ఆశ. పలక మీద ఆ జాడ లేదు.

మీ ఖ్రేయాల్లో ఇంకొకటి గ్రీకు తత్త్వవేత్త డయోజెనెస్‌ది. ఆయన ఒక అల్లరి కుర్రాణ్ణి చూసి, వాణ్ణి వదిలేసి, వాడి వెంట ఉన్న సంరక్షకుణ్ణి కొట్టాడు, ‘ఇదేనా నువ్వు నేర్పేది?’ అంటూ. కుర్రాణ్ణి బడికి తీసుకెళ్ళి తెచ్చి, ఇంటి దగ్గర పాఠం అప్పజెప్పించుకునేవాడు ఆ సంరక్షకుడు. అంటియోక్‌లో మహా పేరున్న పంతులు లిబానియస్ ఈ ఖ్రేయాను సాగదీసి నమూనా వ్యాసం రాసిపెట్టాడు. అఫ్తోనియస్ ఈయన శిష్యుడే. అదే ఊళ్ళో కుర్రాళ్ళు ఒకసారి ఒక సంరక్షకుణ్ణి దుప్పటిలాంటి దాంట్లో వేసి, నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని, గాల్లోకి ఎగరేసి ఆడుకున్నారు. లిబానియస్ గారికి గుండె మండి, ఆ కుర్రాళ్ళను తిడుతూ పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. పాపం, పాఠం ఒంటబట్టిందని సంతోషించాల్సింది పోయి! ఆ కుర్రాళ్ళే ఆయన ఉపన్యసిస్తుంటే ఒకరికొకరు సైగలు చేసుకుంటూ రథాలు తోలేవాళ్ళ గురించీ, గుర్రాల గురించీ, నాట్యగాళ్ళ గురించీ కబుర్లాడుకునేవాళ్ళని ఇంకో చోట వాపోయాడు. వెనక బెంచీకి పదహారు వందల ఏళ్ళ చరిత్ర ఉందన్నమాట.

సరే, ఘనకార్యాలకి వద్దాం. అయిదో మెట్టు ఖండన, ఆరోది సమర్థన. అఫ్తోనియస్ రెండింటికీ ఒకే కథ తీసుకున్నాడు: అపోలో దేవుడు వెంటపడితే పరుగెత్తి చెట్టైపోయిన డాఫ్నే కథ. అయిదో మెట్టు మీద నిలబడి, నదికి ఆడపిల్ల ఎలా పుడుతుందయ్యా, దేవుడు పరుగుపందెంలో మనిషికి ఓడిపోతాడా అని కవుల్ని ఏకిపారేశాడు. ఆరో మెట్టెక్కి, నీళ్ళూ నేలా కలిస్తేనే కదా సమస్తం పుట్టేది, కవులు చెప్పినదాంట్లో తప్పేముంది అన్నాడు. మధ్యలో మంచినీళ్ళయినా తాగాడో లేదో. లిబానియస్ ట్రాయ్ యుద్ధవీరుడు అకిలీస్‌ని పొగుడుతూ ఒకటి, తిడుతూ ఒకటి రాశాడు. ఎద్దును పొగుడుతూ కూడా రాశాడు. ‘ఆవు సాధుజంతువు’ అని మూడో తరగతిలో రాసి పదికి ఏడు తెచ్చుకున్న మా జాతి మొత్తం తరఫున ఆయనకు నమస్కారం.

పొగడ్త దగ్గర మీకూ మాకూ ఎక్కడా చుట్టరికం లేదు. అయినా మా ఊరి సన్మానపత్రం తీసి చూడండి. ఫలానా పుణ్యదంపతులకు ఫలానా గ్రామంలో జన్మించి, ఫలానా గురువుల దగ్గర విద్యనభ్యసించి, ఫలానా ఘనకార్యాలు చేసి, ఫలానా మహానుభావుడితో సమానుడై, భగవంతుడు వీరికి ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. దేశం, పూర్వులు, పెంపకం, పనులు, పోలిక, చివర ప్రార్థనలాంటి ముగింపు: మీ ఎనిమిదో మెట్టు అక్షరం పొల్లు పోకుండా దిగింది. మునగచెట్టెక్కించడానికి అన్ని దేశాల్లోనూ నిచ్చెన ఒకటేనేమో.

మీ నిచ్చెన ఎక్కినవాళ్ళలో ఒకాయన తర్వాత నోరు విప్పాడు. ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్. చిన్నప్పుడు బడిలో ఆయనకిచ్చిన పని: ట్రోజన్లు ఇటలీ చేరకుండా ఆపలేకపోయిన జూనో దేవత కోపంతో ఏం మాట్లాడుతుందో వచనంలో చెప్పమని. తోటివాళ్ళకన్నా బాగా కోప్పడ్డాడని చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లు ఆయన్ను మిలాన్‌లో వక్తృత్వం పంతులు ఉద్యోగం దాకా తీసుకెళ్ళాయి. అక్కడ చక్రవర్తిని పొగుడుతూ ఉపన్యాసం ఇవ్వాల్సి వచ్చింది. అందులో నేను బోలెడన్ని అబద్ధాలు చెప్పాలి, అబద్ధాలని తెలిసినవాళ్ళే నన్ను మెచ్చుకోవాలి అని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ టెన్షన్‌తో మిలాన్ వీధిలో నడుస్తుంటే తాగి నవ్వుతున్న బిచ్చగాడొకడు ఎదురై, వాడే తనకన్నా హాయిగా ఉన్నాడనిపించిందట. ఇది మీ పూర్వవిద్యార్థి వాంగ్మూలం, ప్రోగిమ్నాస్మాటా గారూ. నేను కల్పించింది కాదు.

నాకు అసలు మంట ఏడో మెట్టు మీద. అక్కడ కుర్రాడు నియంతను తిట్టాలి. అఫ్తోనియస్ నమూనా ఉంది, గొంతెత్తి చదివితే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. అయితే ఆ నియంతకు పేరుండదు, ఊరుండదు. కసరత్తు నియమమే అది: నేరం మీద కోపం, నేరస్థుడు ఎవరైనా సరే. ఎంత సుఖమైన ధైర్యం! పొద్దున పేరులేని నియంత మీద నిప్పులు కురిపించిన కుర్రాడు, పెద్దయ్యాక పేరున్న చక్రవర్తి ముందు పూలు కురిపించేవాడు. లిబానియస్ స్వయంగా కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అన్నదమ్ముల మీద పొగడ్త రాశాడు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అదే లిబానియస్ ముసలితనంలో థియోడోసియస్ చక్రవర్తిని ఉద్దేశించి, జైళ్ళలో విచారణ లేకుండా మగ్గిపోతున్నవాళ్ళ గురించి రాశాడు, గుళ్ళు కూలగొట్టడం ఆపమని రాశాడు. అంటే మీరు నేర్పినదాంతో పని చేయించవచ్చు. చేయించినవాళ్ళు తక్కువ.

పదకొండో మెట్టు, అంటే ఇంకొకరి గొంతుతో మాట్లాడడం, దాని గురించి రెండు ముక్కలు. కన్నబిడ్డలు చచ్చిపడి ఉండగా గ్రీకు పురాణాల్లోని తల్లి నియోబీ ఏమంటుంది? ఈ ప్రశ్న మీరు మీసాలు మొలవని కుర్రాళ్ళకిచ్చారు. ఏడుపుకి టైంటేబుల్ కూడా ఇచ్చారు: ముందు వర్తమానం, తర్వాత భూతకాలం, తర్వాత భవిష్యత్తు. ఇప్పుడెంత దిక్కులేనిదాన్నయ్యాను, మునుపెంత గర్వంగా ఉన్నాను, ఇకమీదట ఏం చేయను. నవ్వొస్తుంది. నవ్వాక ఆలోచిస్తే, మగపిల్లలు మాత్రమే కూర్చునే గదిలో రోజూ ఒకడు లేచి తల్లిగానో, దేవతగానో, తను గీసిన బొమ్మనే ప్రేమించిన చిత్రకారుడుగానో మాట్లాడి తీరాల్సిన బడి ఇంకెక్కడుంది? ఇక్కడ నింద కొంచెం నెమ్మదించింది, పంతులుగారు పట్టించుకోకూడదని మనవి.

వర్ణన మెట్టు వదిలేస్తున్నాను. అలెగ్జాండ్రియా కోటను అంత పొడుగున వర్ణించాక అక్కడికి వెళ్ళాలన్న కోరికే చచ్చిపోయింది. పదమూడోది పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్న చర్చ. పెళ్ళి వల్ల వైధవ్యం వస్తుందిగా అంటే, అది చావు చేసిన పని, పెళ్ళిది కాదు అని అఫ్తోనియస్ జవాబు. మా పెళ్ళిళ్ళ పేరయ్యలకు ఈ ఒక్క వాక్యం చాలు.

చివరి మెట్టు చట్టం. కుర్రాడు లేచి ఒక చట్టం ఉండాలనో వద్దనో వాదించాలి. ఏ కుర్రాడికీ, వాడి తండ్రికీ, పంతులుకీ చట్టం చేసే అధికారం లేని సామ్రాజ్యంలో! ఇక్కడ మిమ్మల్ని మట్టి కరిపిద్దామనే వచ్చాను. తీరా చూస్తే అఫ్తోనియస్ ఎంచుకున్న చట్టం ఇది: వ్యభిచారం చేస్తూ పట్టుబడ్డవాణ్ణి అక్కడికక్కడే చంపేయాలి. ఆయన దాన్ని ఎదిరిస్తాడు. తప్పు చేశాడు, శిక్ష పడాల్సిందే, కానీ కోర్టుకి తీసుకురండి, రుజువు చేయండి, న్యాయమూర్తిని చెప్పనివ్వండి, పట్టుకున్నవాడే తీర్పరి అయితే ఎలా అంటాడు. పదహారు వందల ఏళ్ళ కిందటి హోంవర్క్ ఇది. మా టీవీ స్టూడియోల్లో రాత్రి తొమ్మిదింటికి ‘అక్కడికక్కడే’ అని బల్ల గుద్దేవాళ్ళలో ఒక్కరికైనా ఈ హోంవర్క్ ఇచ్చి, రేపు పొద్దున్నే ఎదురుపక్షం వాదించి చూపించమనాలనిపించింది. వాళ్ళకి వాళ్ళ పక్షం తప్ప రెండోది రాదు. మీ దగ్గర చదివినవాడికి కనీసం అవతలివాడు ఏమంటాడో ముందే తెలిసేది.

పోలిక కూడా కావాలన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ తర్వాతి క్లాసులో, ఊహాలోకపు కేసుల మీద కుర్రాళ్ళు రోజుకొకడు అదే పాఠం అప్పజెబుతుంటే వినేవాళ్ళను జువెనల్ అనే రోమన్ కవి చూశాడు. మళ్ళీ మళ్ళీ వేడి చేసిన క్యాబేజీ ఈ పంతుళ్ళను చంపేస్తోందని జాలిపడ్డాడు. మీ క్యాబేజీ చద్దిదే. మేం మాత్రం పొయ్యే వెలిగించట్లేదు.

నింద ఇంతటితో ముగిసింది. ఎనిమిదో మెట్టు ప్రకారం ఇదే చేత్తో మీ మీద స్తోత్రం కూడా రాయగలను, సరుకు సిద్ధంగానే ఉంది. షరతు ఒక్కటే: రుసుము ముందే చెల్లించాలి. పాఠాలన్నీ విని, డబ్బు కట్టే వేళకి పక్క పంతులు దగ్గరకు గెంతే శిష్యుల గురించి లిబానియస్ గారు ఒక ఉపన్యాసం నిండా మొత్తుకున్నారు. అది చదివాక నాకూ ఎవరికీ అప్పు పెట్టబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
మీకు ఏనాడూ దమ్మిడీ కట్టని
ఒక శిష్యుడు