‘సంస్థ పేరు’ గడి గారికి

మహారాజశ్రీ ‘సంస్థ పేరు’ గడి గారి సముఖానికి,

టవరు అనుమతి దరఖాస్తులో, తప్పక నింపాలని చెప్పే ఎర్ర చుక్క పక్కన పెట్టుకుని కొలువుదీరిన తమరికి, నెల్లూరు జిల్లా నుంచి ఒక హామ్ రేడియో పిచ్చివాడు నమస్కరించి చేసుకునే విన్నపం. (హామ్ రేడియో అంటే సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరాల వాళ్లతో మాట్లాడుకునే సరదా, కాగితాల భాషలో అమెచ్యూర్ రేడియో.) ఈ మధ్యాహ్నం మళ్లీ తమరి దర్శనానికి వచ్చాను. భోజనానికి వెళ్లిన గుమాస్తా గారు ఎండ వాలాక తిరిగొచ్చి, ఫైలు తాడు విప్పి, సరిగ్గా తమరి మీద వేలు పెట్టి, “ఇది ఖాళీగా ఉంది కదండీ” అన్నారు. ఆ ఒక్క మాట కోసమే అంతసేపూ బల్ల మీద కూర్చున్నాను.

ఖాళీగా ఎందుకుందంటే, నాకు సంస్థ లేదు. నేను పెట్టేది సెల్ టవరు కాదు. డాబా మీద నలభై అడుగుల జీఐ పైపు, అది ఊగకుండా మూడు వైపులా స్టే వైర్లు, కొసన ఒక యాంటెన్నా. అంతే. ‘వర్తించదు’ అని రాస్తే తమరికి రుచించలేదు. గీత గీస్తే గుమాస్తా గారి కంప్యూటర్ ముందుకు కదలనంది. పోనీ నా పేరే రాస్తే, “వ్యక్తి పేరు పైన రాశారు కదా” అని వెనక్కి వచ్చింది. చివరికి ఆయనే జాలిపడి, “ఏదో ఒక కంపెనీ పేరు వేసేయండి మాస్టారూ, ఎవరు చూడొచ్చారు?” అని దారి చూపించారు. మంచి మనిషే. కానీ అదే కాగితం అడుగున ‘పై వివరాలన్నీ సత్యం, అసత్యమని తేలితే చర్యకు బాధ్యుడను’ అని అచ్చేసి ఉంది. దాని కింద పెట్టాల్సిన సంతకం నాది, ఆయనది కాదు.

అసలు చిక్కు ఇంకా లోపల ఉంది. నా లైసెన్సు కేంద్ర ప్రభుత్వం ఇచ్చింది. పరీక్ష రాసి, నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో మోర్స్ కోడ్ (పొట్టి, పొడుగు మోతల సంకేత భాష) విని రాసి తెచ్చుకున్నాను. ధనాపేక్ష లేకుండా, సొంత ఆసక్తితో నేర్చుకోవడానికి చేసేదే అమెచ్యూర్ రేడియో అని 1978 నాటి నిబంధనలు చెబుతున్నాయి. వ్యాపారానికి వాడితే లైసెన్సుకే ఎసరు. అంటే తమరిని నింపితే ఢిల్లీకి దోషిని, నింపకపోతే ఇక్కడ దోషిని. తమరు వెడల్పు చూస్తే రెండు అంగుళాలు లేరు, ఇంత పని ఎలా చేయగలుగుతున్నారో!

తమరి పక్కనున్న ‘నెల అద్దె’ గడి గురించి విని మా పక్కింటాయన అందులో వాటా అడిగారు. ఎదురింటి పిన్ని గారైతే పిచ్చుకలు చచ్చిపోతాయని సంతకం పెట్టలేదు. సెల్ టవరు ఉన్నది ఆవిడ డాబా మీదే.

2005 మే 5న ఇదే తీరంలో, శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 హామ్‌శాట్‌ను మోసుకెళ్లింది. 42.5 కిలోల ఆ ఉపగ్రహాన్ని ఇస్రో మాలాంటి వాళ్ల కోసమే తయారుచేసింది. అందులో సంకేతాలను అందుకుని తిరిగి కిందికి పంపే ఒక ట్రాన్స్‌పాండర్ నెదర్లాండ్స్ విద్యార్థి ఒకరు చేసినది. తమరే గనక అప్పుడు అక్కడ ఉంటే, ఆ కుర్రాడి కంపెనీ పేరు తేలేదాకా రాకెట్టు కదిలేది కాదు. (శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది. ఆ ఏడుపు వేరే ఉత్తరంలో.) ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున మాకు చోటిచ్చారు. సొంత డాబా మీద నలభై అడుగులకు లేదట!

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటి రాత్రి కరెంటు పోయి, సెల్ టవర్ల బ్యాటరీలు అయిపోతే, సంస్థ పేరు ఉన్నవన్నీ వరసగా మూగబోతాయి. కారు బ్యాటరీకి తగిలించిన నా రేడియో మాత్రం పలుకుతుంది. 2004 సునామీ నాడు పోర్ట్ బ్లెయిర్ నుంచి భారతీ ప్రసాద్ హామ్ రేడియోలో పలకబట్టే ఎన్నో ఇళ్లకు తమవాళ్ల క్షేమం తెలిసింది. అలాంటి రోజున నువ్వెక్కడ ఉంటావు? తాళం వేసిన బీరువాలో, తడి తగలకుండా, ఎర్ర చుక్కతో సహా భద్రంగా ఉంటావు. నీ కోసమా నేను పైపులు కొని, తుప్పు పట్టకుండా రంగు వేసి, మెట్ల కింద దాచి కూర్చున్నది?

సోమవారం మళ్లీ వస్తాను. ‘వర్తించదు’ అనే రాస్తాను, నీ గీతలు దాటిపోయేంత పెద్ద అక్షరాలతో. మా హాములం వీడ్కోలు చెప్పుకునేటప్పుడు 73 అంటాం, శుభాకాంక్షలని. నీకు అనను.