మాకూ ఒక ఫ్రాస్ట్ కావాలి

మా బావమరిది షికాగో శివార్లలో ఉంటాడు. అక్టోబర్ చివర్లో ఒకరోజు పొద్దున్నే, అంటే వాడికి రాత్రి, వీడియో కాల్ చేసి "బావా, ఇక ఈ రాత్రితో అయిపోయింది" అన్నాడు. ఆ గొంతు వింటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. ఎవరికేమయిందిరా అంటే, ఎవరికీ ఏమీ కాలేదట, ఫ్రాస్ట్, అంటే నేల దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి, వస్తోందట, పెరట్లో టమాటాలు, మిర్చి, వంగ అన్నీ తెల్లారేసరికి పోతాయట.

ఈ ఫ్రాస్ట్‌కి తెలుగులో మాట వెతికాను. మనకు ఉన్నదల్లా మంచు. గడ్డి మీద మెరిసేదీ మంచే, డిసెంబర్లో ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందున్న లారీని దాచేసేదీ మంచే, మనాలీ వెళ్లినవాళ్లు ఒకరి మీద ఒకరు విసురుకుని ఫోటోలు దిగేదీ మంచే. నిఘంటువులో తుషారం ఉంది కానీ ఆ మాట కవులకు తప్ప కూరగాయలు పండించేవాళ్లకు పనికొచ్చేలా లేదు. కాబట్టి ఫ్రాస్ట్ అనే రాస్తాను.

ఆ రాత్రి వాడు చేసిన హడావిడి అంతా నేను ఫోన్లో చూశాను. పచ్చి టమాటాలన్నీ కోసి, న్యూస్ పేపర్లో చుట్టి, మాగడానికి పక్కన ఒక పండిన అరటిపండు పెట్టాడు. ఇంకా ఆశ చావక నాలుగు మిరప మొక్కల మీద దుప్పట్లు కప్పాడు. అవి మా అత్తగారు సూట్‌కేసులో బరువు లెక్క చూసుకుని మరీ పంపిన సోలాపూర్ దుప్పట్లు, ఆవిడకు ఈ విషయం ఇంకా తెలియదు. ఆకాశం తేటగా ఉందని, గాలి లేదని వాడు తెగ బాధపడ్డాడు. అలాంటి రాత్రే ప్రమాదమట. మబ్బుంటే నేల వేడిని పైకి పోకుండా ఆపుతుంది, మబ్బు లేకపోతే ఆ వేడంతా ఆకాశానికి పోతుంది. వాతావరణం వాళ్లు 2 డిగ్రీలే అన్నారు కదరా అంటే, "వాళ్ల థర్మామీటర్ మనిషెత్తులో ఉంటుంది బావా, నేల దగ్గర ఇంకా తక్కువ" అన్నాడు. పదో తరగతి ఫిజిక్సులో ట్యూషన్ పెట్టించుకున్నవాడు!

తెల్లారి చూపించాడు. టమాటా, తులసి ఉడకబెట్టిన తోటకూరలా నల్లగా వేలాడుతున్నాయి. ఆకుల్లోని నీళ్లు గడ్డకట్టినప్పుడు లోపలి కణాల పొరలు దెబ్బతింటాయి, ఎండ పడగానే ఆకంతా మెత్తబడి జావ అయిపోతుంది. క్యాబేజీ, క్యారెట్ మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. క్యారెట్ అయితే చలికి ఇంకా తియ్యబడుతుందట.

నన్ను కలవరపెట్టింది ఇదేదీ కాదు, వాడి మొహం. ఆ మొహంలో దుఃఖం ఏ కోశానా లేదు, ఆడపిల్ల పెళ్లి చేసి పంపేసిన తండ్రి మొహంలా ఉంది. పైపులో నీళ్లు వంపేసి, చుట్ట చుట్టి, గరాజులో పెట్టి, మళ్లీ మే నెల వరకు తోట ముఖం చూడక్కర్లేదని సోఫాలో కూర్చున్నాడు. బంధువుల గ్రూపులో అందరూ "అయ్యో పాపం" అన్నారు, ఒక్కరు కూడా "నువ్వేదో తప్పు చేసుంటావ్" అనలేదు.

ఇప్పుడు హైదరాబాద్ మల్కాజిగిరిలో మా మిద్దె మీదకు రండి. నలభై గ్రో బ్యాగులు. ఇక్కడ ఒక మొక్క చస్తే అది నా ఖాతాలోకే వస్తుంది. నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరు, తక్కువయ్యాయని ఇంకొకరు, వేపనూనె కొట్టలేదా అని ఒకరు, పుల్లమజ్జిగ పోయలేదా అని ఒకరు, జీవామృతం పోసుంటే ఈ గతి పట్టేది కాదని ఇంకొకరు. కింది ఫ్లోర్లో అద్దెకుండేవాళ్లు మాత్రం మొక్క గురించి ఏమీ అడగరు, తమ సీలింగ్ మీది చెమ్మ గురించే అడుగుతారు.

అసలు సమస్య చచ్చే మొక్కలు కావు, చావని మొక్కలు. మా వంగ మొక్కకు ఇది మూడో ఏడు. కాండం నా మణికట్టంత, కాయ గోళీ అంత. పిండినల్లి దాని మీద కాపురం పెట్టి మనవళ్లను కూడా ఎత్తుకుంది. పీకేద్దామని చెయ్యి వేసిన ప్రతిసారీ ఒక ఊదారంగు పువ్వు చూపిస్తుంది. అమెరికాలో ఈ నిర్ణయం ఆకాశం తీసుకుంటుంది, ఇక్కడ నేను తీసుకోవాలి. పాత చార్జర్లు, పెళ్లి శుభలేఖలు కూడా పారేయలేని జాతి మనది, పూత మీదున్న మొక్కను పీకమంటే ఎట్లా?

ఇక దొండ. దాని గురించి ఎంత రాసినా తక్కువే. ఏనాడో ఒక కాడ గుచ్చాను, అది పందిరెక్కి, వాటర్ ట్యాంకు ఎక్కి, పక్కింటి డిష్ యాంటెన్నా దాకా పోయింది. దానికి రిటైర్‌మెంట్ వయసు లేదు. మొదట్లో దొండకాయలు పంచితే ఇరుగుపొరుగు సంతోషించారు. ఇప్పుడు నేను సంచి పట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడితే మెట్లెక్కి పోతున్నారు. నాలుగో అంతస్తులో ఉండే పెద్దాయన, మోకాళ్ల నొప్పులున్నాయి, ఆయన కూడా.

అందుకే ప్రభుత్వానికి నా వినయపూర్వక విజ్ఞప్తి: హైదరాబాద్‌కు అధికారికంగా ఒక ఫ్రాస్ట్ ప్రకటించాలి. సహజంగా వస్తుందని ఆశపడటం దండగ. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది కూడా 1946 జనవరి 8న, నిజాం గారి కాలంలో. ఆ తర్వాత ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఆరు డిగ్రీలను సున్నాకు దించడానికి ఒక్కరూ చొరవ చూపలేదు. చలి కావాలంటే లంబసింగి పొమ్మంటారు. ఎందుకు పోవాలి? అక్కడ స్ట్రాబెర్రీలు పండించుకుంటూ వాళ్లు హాయిగా ఉన్నారు, నా దొండపాదును బస్సెక్కించి చింతపల్లి మండలం దాకా తీసుకెళ్లమంటారా?

నవంబర్ 15 పెడదామని మొదట అనుకున్నాను. కానీ మన దగ్గర అప్పుడే అసలు సీజన్ మొదలవుతుంది. చిక్కుడు పూతకొస్తుంది, కాలీఫ్లవర్, ముల్లంగి, పాలకూర బాగా వస్తాయి, టమాటా చక్కగా నిలబడుతుంది. వాళ్ల తోటలు మూతపడే వేళకు మనవి తెరుచుకుంటాయన్నమాట, దీన్ని అదృష్టం అనేవాళ్లు ఒక్క నెల నా బదులు నీళ్లు పోయండి. మన సీజన్‌కు అంతం వేసవిలో. ఏప్రిల్, మే ఎండకు టమాటా పూత కాయకుండానే రాలిపోతుంది. కానీ ఆ చావులో మర్యాద లేదు. ఒక్క రాత్రిలో తేల్చదు. షేడ్ నెట్ కొనిపిస్తుంది, రెండు పూటలా నీళ్లు మోయిస్తుంది, సిమెంటు మిద్దె మీద చెప్పుల్లేకుండా గంతులేయిస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా పోరాడి, ఇక చాలురా అని చేతులెత్తేసేసరికి మృగశిర చినుకు పడుతుంది, ఆ వంగ మళ్లీ చిగురేస్తుంది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఏడాదికి ఒక ఆదివారం, తేదీ ఏదైనా సరే, తెల్లవారుజామున నాలుగు గంటలకు సైరన్ మోగాలి. మోగాక మిద్దె మీద వంగ, బెండ, దొండ ఏవీ కనిపించకూడదు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పీక్కుపోవాలి, మేం కిందనుంచి "అయ్యో, అయ్యో" అంటూ చూడాలి. ఫ్రాస్ట్ బాధితుల ధ్రువపత్రం ఇవ్వాలి, మీసేవలో దొరికితే మంచిది. కరివేపాకుకు మినహాయింపు ఉండాలి, లేకపోతే మా ఆవిడ ప్రభుత్వాన్నే కూల్చేస్తుంది.

ఈ వినతిపత్రం రాసి బావమరిదికి చదివి వినిపిద్దామని మొన్న ఫోన్ చేశాను. వాడు వంటింట్లో ఉన్నాడు. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్లోంచి దొండకాయల ప్యాకెట్ తెచ్చుకుని వేపుడు పెట్టాడట, ఎంత వేయించినా కరకరలాడటం లేదట, ముద్దయిపోతోందట. అవదా మరి? నీళ్లు గడ్డకడితే ఏమవుతుందో వాడే కదా నాకు పాఠం చెప్పింది.

"అది వదిలెయ్ బావా, ఒక్కసారి కెమెరా ఆ పందిరి వైపు తిప్పు" అన్నాడు.

తిప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. నెట్ పోయిందనుకుని హలో హలో అన్నాను.

"అక్కడ, ట్యాంకు వెనకాల రెండు ముదురుతున్నాయి" అన్నాడు. "కోసెయ్."