సవరణ: 65 దాటిన ఆడవాళ్ల వ్యాయామం

మొన్నటి పోస్టులో 65 దాటినవాళ్లకు రోజూ నడక ఒక్కటే చాలని రాశాను. చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వేరు: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కనీసం 2 రోజులు, తూలి పడకుండా నిలదొక్కుకునే వ్యాయామం కనీసం 3 రోజులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా బలానికి పనికొచ్చేదే.

ఇంకో మాట మరీ తొందరపడి రాసేశాను. "ఆ వయసులో అద్దం గోల ఉండదు" అని. అది చదివి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడకి 68. "నీకెవరు చెప్పారే? చీర మీద బూట్లేసుకుంటే నవ్వుతారని ఆర్నెల్లు మేడ మీదే తిరిగాను" అంది. కొన్న బూట్లలో కుక్కిన కాగితం కూడా తియ్యలేదట అన్నాళ్లూ. చివరికి పక్కింటావిడ కూడా చీర మీదే బూట్లేసుకుని తోడొస్తే పార్కు గడప దాటింది. బరువు కిలో కూడా తగ్గలేదు. పీట మీంచి గోడ పట్టుకోకుండా లేస్తున్నానని మాత్రం రెండుసార్లు చెప్పింది.

అద్దం మాట కొట్టేశాను. "వారం వారం బరువు చూసుకుంటే ఉత్సాహం వస్తుంది" అన్న నా సలహా కూడా.